లోతు చెప్పిన మనిషి

లాంచీ రేవు వదిలి నాలుగు నిమిషాలు కాలేదు, అతను అప్పుడే మూడోసారి వాచీ చూసుకున్నాడు. అవతలి ఒడ్డుకు గంట ప్రయాణం, అంటే ఇంకా యాభై ఆరు నిమిషాలు, ఈలోగా అక్కకు ఏం చెప్పాలో తేల్చుకోవాలి, తేల్చుకోకపోయినా లాంచీ ఆగదు, అవతలి మెట్ల మీద అక్క నిలబడే ఉంటుంది, లాంచీ కూత వినగానే చేతిలో పని పక్కన పడేసి, బట్టలకు దారప్పోగులు అంటుకుని ఉండగానే వచ్చి నిలబడటం ఆమెకు చిన్నప్పటి అలవాటు. ఊళ్లు తిరిగి రాయడం అతని వృత్తి. ఇరవై ఏళ్లు, పదకొండు పుస్తకాలు. ఒక కొండదారి మలుపు గురించి నాలుగు పేజీలు రాసి మెప్పించినవాడు, ఇవాళ కళ్లెదురుగా ఇంత నీరు పరుచుకుని ఉంటే తలెత్తి చూడలేక, ఎదుటి బల్ల మీద మనిషి ఒళ్లో ఉన్న కిటికీ అద్దం వంక చూస్తున్నాడు. ఆ మనిషి అద్దానికి పాత దుప్పటి చుట్టి పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు, దుప్పటి జారిన మూల జానెడు అద్దం బయటపడింది, అందులో ఒక గడ్డం, గడ్డం మీద పొద్దున గీసుకుంటుంటే తెగిన గాటు, ఆ గడ్డం తనదేనని తెలియడానికి అతనికి ఒక క్షణం పట్టింది. లేచి వెళ్లి వెనక్కి కూర్చున్నాడు. లాంచీ పైకప్పుగా కట్టిన టార్పాలిన్ గాలికి పొంగుతూ వాలుతూ ఉంది, దాని అంచున రెండు వరసల కుట్టు, మధ్యలో ఏటవాలుగా ఇంకో వరస. అలా మూడో వరస వేసేది ఈ తీరంలో ఒక్క మనిషే. ఎక్కడికెళ్లి కూర్చున్నా అక్క చేతి కిందే కూర్చున్నట్టు.

ఆదివారం సాయంత్రం మేనకోడలు ఫోను చేసింది. పన్నెండేళ్ల పిల్ల, ఏ మాటైనా మొదట గట్టిగా నవ్వి ఆ తర్వాత చెబుతుంది, ఆ రోజు నవ్వలేదు. "మామయ్యా, నువ్వు రాసింది మా పుస్తకంలో పాఠంగా వచ్చింది. శుక్రవారం నువ్వు మా బడికి వస్తున్నావంట కదా, టీచర్ చెప్పారు." వస్తున్నానమ్మా, అన్నాడు. గొంతులో కాస్త గర్వం కూడా పలికిందేమో, పలికే ఉంటుంది. "అమ్మకి చదివి వినిపించాను," అంది. అప్పుడు, సరిగ్గా ఆ మాట దగ్గర, కుర్చీలో వెనక్కి వాలి ఉన్నవాడు నిటారుగా అయ్యాడు. అమ్మ ఏమంది? "ఏమీ అనలేదు. విన్నాక కాసేపు దారం ఎక్కించుకుంటూ కూర్చుంది. మామయ్యా, ఒకటి అడగనా? తాతయ్య పోయినప్పుడు ఇంట్లో నువ్వు తప్ప ఎవరూ లేరని రాశావు కదా. మరి అమ్మ ఎక్కడుంది? నన్నప్పుడు నానమ్మ వాళ్లింటికి పంపేశారు కదా, నాకు తెలీదు. అమ్మని అడిగితే, మామయ్యనే అడుగు అంది."

మామయ్యనే అడుగు. ఈ ఐదు రోజుల్లో ఆ రెండు మాటలు అతను ఎన్ని గొంతులతో విన్నాడో లెక్కలేదు, కోపంగా విన్నాడు, వెటకారంగా విన్నాడు, అన్నిటికన్నా భరించలేనిది మామూలు గొంతు, ఉప్పు డబ్బా ఎక్కడుందంటే అలమరలో చూడు అన్నట్టు. ఆ పిల్లకు తను చెప్పిన జవాబు ఇంకా ఘోరం. అమ్మ పక్క గదిలో ఉంది తల్లీ, అన్నాడు. "ఏ పక్క గది మామయ్యా?" అంది పిల్ల. ఆ పిల్ల పుట్టి పెరిగింది ఆ ఇంట్లోనే. ముందో గది, వెనక వంటిల్లు, రెంటికీ మధ్య అక్క కుట్టిన కాన్వాసు తెర. ఆ ఇంటికి పక్క గది అనేదే లేదు. రాసేటప్పుడు ఎక్కడ ఏ మాట వేయాలో నాలుగు రాత్రులు ఆలోచించే మనిషి, అబద్ధమాడేటప్పుడు ఇంటి కొలత కూడా గుర్తుంచుకోలేకపోయాడు. అదేలే అమ్మా, వంటింట్లో, రాసేటప్పుడు అందరినీ పెట్టలేం కదా, కథ కదా, అన్నాడు. "కథ కాదుగా మామయ్యా, పైన స్వీయానుభవం అని వేశారు." సరిగ్గా వినపడటం లేదమ్మా, మళ్లీ చేస్తా, అని ఫోను పెట్టేశాడు. వినపడకపోవడమేం, పిల్ల ఊపిరి కూడా వినపడుతోంది. మళ్లీ చేయలేదు.

లాంచీ లోతు నీళ్లలోకి వచ్చిందని ఇంజను చప్పుడే చెబుతోంది, ఒడ్డు దగ్గరి గరగర పోయి గుండె కొట్టుకున్నట్టు ఒకే తీరున కొట్టుకుంటోంది. ఈ తేడా అతనికి నాన్న నేర్పాడు. నాన్న ఇదే దారిలో ముప్పై నాలుగేళ్లు లాంచీ నడిపిన సరంగు. చుక్కాని పట్టుకుంటే ఆ మనిషి నోట మాట ఉండేది కాదు, దిగాక మాత్రం ఆపడం ఎవరి తరమూ కాదు. పని మానేశాక ఆ చేతులకు ఊసుపోక తాడు ముడులు వేయడం పట్టుకుంది, ఫ్యాను తీగకు ముడి, తెర తాడుకు ముడి, కూరగాయల సంచీకి ఎవరూ విప్పలేని ముడి, విప్పలేక అక్క తిట్టుకుంటూ కత్తెర తెస్తుంటే, ఆగాగు, ఇక్కడ లాగు, అని ఒక్క కొస లాగి అంతా జారవిడిచేవాడు. అక్కకు పదేళ్లప్పుడే నాన్న వెంట లాంచీ ఎక్కి ముందు భాగాన నిలబడి గెడ వేసి లోతు చూడటం వచ్చు. రేవు దగ్గర ఇసక ఎప్పుడు ఎక్కడ మేట వేస్తుందో దేవుడికే తెలియాలి, అందుకని ఒకరు గెడ ముంచి, రెండు బారలు, బారన్నర, బార, అని అరుస్తూ ఉండాలి, సరంగు ఆ అరుపును బట్టి చుక్కాని తిప్పాలి. తనకు నీళ్లంటే కడుపులో తిప్పేది. తను ఒడ్డున కూర్చుని ఆ అరుపులు వినేవాడు, వినడం, గుర్తుపెట్టుకోవడం, తర్వాత ఇంకొకరికి చెప్పి మెప్పు పొందడం, అప్పటి నుంచే అంతేనేమో తను. వినేవాడు. కాదు, ఎత్తుకుపోయేవాడు.

నాలుగేళ్ల కిందట, ఒక మంగళవారం, అక్క ఫోను చేసి, "డాక్టరు వారం కంటే చెప్పలేనంటున్నాడురా, వచ్చెయ్," అంది. అప్పుడతను రెండు రోజుల దూరంలో ఒక తీరపు ఊళ్లో ఉన్నాడు. ఆ ఊరి నుంచి ఒక దీవికి పడవ పోతుంది, పది రోజులకొకసారి, మర్నాడే తిరిగొస్తుంది, ఆ దీవిలో నూరేళ్ల నాటి దీపస్తంభం ఉంది, అది చూడటానికి అనుమతి కోసం మూడేళ్లు కాగితాలు తిప్పాడు. పడవ మర్నాడు పొద్దున. నాలుగు రోజుల్లో వచ్చేస్తానక్కా, అన్నాడు. డాక్టర్లు అలాగే అంటారు, నాన్న గట్టి మనిషి, అన్నాడు. నీళ్ల మీద బతికిన మనిషి కదా, దీపస్తంభం వదులుకుని వచ్చానంటే ఆయనే తిడతాడు, అని కూడా అన్నాడు, అది మరీ అందంగా అన్నాడు, ఆ అందానికి తనే కాస్త కరిగాడు. అక్క, "సరే నీ ఇష్టం," అని పెట్టేసింది. బావ ఆ వారం లారీ మీద దూరం వెళ్లి ఉన్నాడు. దీవిలో ఫోను పనిచేయదు. దీపం చూసుకునే ముసలాయన మంచివాడు, పెద్ద అద్దపు గుండును గుడ్డతో తుడుస్తూ దాని కథంతా చెప్పాడు, చేపలు కాల్చి పెట్టాడు, ఆ రాత్రి అతను హాయిగా నిద్రపోయాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా తలుచుకుంటే ఒళ్లు జలదరించేది అక్కడే. వెళ్లడం దగ్గర కాదు, నిద్ర దగ్గర. ఒక్క కల కూడా రాలేదు.

తిరిగొచ్చి ఒడ్డున అడుగు పెట్టగానే జేబులో ఫోను వరసపెట్టి అదురుతూనే ఉంది, పదకొండు పిలుపులు, తర్వాత ఏమీ లేవు. ఆ ఏమీ లేకపోవడం చూసి అర్థమైంది. లాడ్జి గదిలో మంచం అంచున కూర్చుని అక్కకు చేశాడు. అక్క గొంతు రాసుకుపోయి ఉంది. తిట్టలేదు. మొదలుపెట్టి అంతా చెప్పింది, ఆఖరి పూట నాన్నకు మంచం లాంచీ అయిపోయిందట, దుప్పటి అంచు రెండు చేతుల్తో పట్టుకుని తిప్పుతూ, లోతెంత, లోతెంత, అని అడిగాడట, మొదట అక్కకు తోచలేదట, తోచగానే మంచం కాళ్ల దగ్గరికి వెళ్లి నిలబడి, రెండు బారలు నాన్నా, అని అరిచిందట. అరిచాక ఆయన ముఖం తేటపడిందట. మళ్లీ అడిగాడట. రెండు బారలు. బారన్నర. అలా రెండు గంటలు. ఎక్కువ చెబితే రేవు ఇంకా దూరమని భయపడుతున్నాడని మెల్లమెల్లగా తగ్గించుకుంటూ వచ్చిందట, మూడు మూరలు, రెండు మూరలు, మూర, ఆఖరికి, నేల తగిలింది నాన్నా, రేవొచ్చింది, అందట. ఆయన చేతులు దుప్పటి వదిలేశాయట. చెబుతూ చెబుతూ అక్క ఆగితే అతను అడిగాడు, సరిగ్గా ఎక్కడ నిలబడ్డావక్కా, కిటికీ వైపా ఇవతలా? వెలుతురు ఎటు నుంచి వస్తోంది? ఏ చెయ్యి ముందు వదిలాడు? తమ్ముడు లేడు కదా, చూడలేకపోయాడు కదా, కళ్లకు కట్టినట్టు చెప్పించుకుంటున్నాడు పాపం, అనుకుని అక్క ఒక్కొక్కటీ గుర్తు చేసుకుని చెప్పింది. అతను ఏడుస్తూనే ఉన్నాడు, అది నిజం, నిజంగానే ఏడ్చాడు, కానీ కుడి చెయ్యి లాడ్జివాళ్ల కాగితం మీద రాసుకుంటూ ఉంది. ఎడమ చెయ్యి. ముందు ఎడమ చెయ్యి వదిలాడు.

"బాబుగారూ, మిమ్మల్నే!" అని ఎవరో అంటే ఉలిక్కిపడ్డాడు. నెరిసిన మీసాల కళాసీ, తాడు చుట్ట భుజాన వేసుకుని నవ్వుతూ నిలబడ్డాడు. నాన్న దగ్గర పద్నాలుగేళ్లు పనిచేసిన మనిషి. "గుర్తుపట్టారా? మీరు పెద్దవాళ్లైపోయారు, పుస్తకాల్లోకెక్కేశారు. మా మనవరాలు చదివి వినిపించిందండీ మీ పాఠం. ఇంటిల్లిపాదీ ఏడ్చాం." అతను లేచి నమస్కారం పెట్టాడు. కళాసీ పక్కనే చతికిలబడ్డాడు. "ఒక్క సంగతే నా మొద్దు బుర్రకి ఎక్కలేదు. ఆఖర్న మీరు, లోతు అందడం లేదు నాన్నా, అన్నానని రాశారు కదా. రేవులోకొచ్చాక లోతు అందకపోవడమేంటి బాబూ? నడి నీళ్లలో అందదు గానీ. అలా అరిస్తే మీ నాన్న గెడ లాక్కుని నెత్తి మీద ఒకటిచ్చేవాడు. లోతు తప్పు చెప్పేవాడి కంటే నోరు మూసుకున్నవాడు నయం, అనేవాడు. గుర్తుందా?" గుర్తుంది, అన్నాడు అతను, నిజానికి గుర్తులేదు, ఈ మాట నాన్న అక్కకు చెప్పి ఉంటాడు. "అదేదో మీ రాసేవాళ్ల లెక్కలెండి," అని కళాసీ తనే సర్దేశాడు. సర్దేసి, గొంతు తగ్గించి, "నాకింకోటి ఇన్నాళ్లూ మనసులో ఉండిపోయింది, మీకు చెప్పేయాలి. ఆ వారం మేం నలుగురం రోజూ చూడ్డానికొచ్చేవాళ్లం, ఆఖరి రెండు రోజులే లాంచీ చెడి ఇవతల ఉండిపోయాం, దహనానికి కూడా అందలేదు. వచ్చినప్పుడల్లా మీ అక్కగారే ఉండేది, మీరు కనపడేవారు కాదు. కొడుకయ్యుండి రాలేదేంట్రా అని మేం తలో మాటా అనుకున్నాం. పాఠం విన్నాకే తెలిసింది, మేం వచ్చే వేళకి మీరు మందుల కోసం తిరుగుతున్నారు కాబోలని. తప్పుగా అనుకున్నాం. ఏమనుకోకండి," అన్నాడు.

ఏమనుకోకండి. తప్పు చేసినవాడు తల వంచుకుని కూర్చుంటే, చెయ్యనివాడు వచ్చి క్షమాపణ అడుగుతున్నాడు. ఇదే చోటు, ఇప్పుడు చెప్పెయ్యొచ్చు, ఒక్క వాక్యం, నేను లేను పెద్దాయనా. నోరు తెరిచాడు కూడా. ఎదుటి బల్ల మీద అద్దం మనిషి ఇటే చూస్తున్నాడు, పక్కన ఇద్దరు గుమాస్తాలు పేపర్లో గళ్లనుడికట్టు నింపుతున్నవాళ్లు పెన్సిలు ఆపి చెవి ఒగ్గారు, అతను, "అయ్యో, పర్లేదండీ," అన్నాడు. పర్లేదండీ! కళాసీ సంతోషంగా లేచి వెళ్లిపోయాడు. తేలు కుట్టిన దొంగ అరవలేడంటారు, నిజమే, అరవకపోగా ఎదుటివాణ్ణి క్షమించేస్తాడు కూడా.

అది మొదటిసారి కాదు మరి. నాన్న ఆఖరి ఘడియల గురించి రాసింది పుస్తకంలో వచ్చిన ఏడాది ఒక సభలో ఒక పెద్దమనిషి అతని చెయ్యి పట్టుకుని వదల్లేదు, మా నాన్న ఆస్పత్రిలో పోయాడు, నేను టీ తాగడానికి కిందికి దిగాను, పావుగంట, ఆ పావుగంటలో పోయాడు, మీరు అదృష్టవంతులండీ దగ్గరున్నారు, అని వలవలా ఏడ్చాడు. అతను, అవునండీ, అన్నాడు. ఎంత తేలిగ్గా వచ్చింది ఆ అవును. అసలు అంతా తేలిగ్గానే వచ్చింది. పత్రికవాళ్లు ప్రత్యేక సంచికకు ఏదైనా ఇమ్మంటే దీపస్తంభం గురించి రాయబోయాడు, మూడేళ్లు ఎదురుచూసి కళ్లారా చూసి వచ్చింది, నాలుగు పేజీలు రాసేసరికి గచ్చు మీద పోసిన నీళ్లలా ఎటూ పారకుండా నిలబడిపోయింది. అప్పుడు లాడ్జి కాగితం తీశాడు. మొదట నిజాయితీగానే రాశాడు, మా అక్క ఇలా చెప్పింది అని. బాగానే ఉంది, కానీ కుంటుతోంది, ప్రతి వాక్యం చివరా ఒక 'ట', నిలబడిందట, అరిచిందట, వదిలేశాడట. ఆ 'ట' చెవికి గుచ్చుకుంది. ఊరికే, ఎలా ఉంటుందో చూద్దామని, ఒక పేరాలో దాన్ని తీసేశాడు. అరిచింది. తర్వాత, ఊరికే, అరిచాను. క్రియల తోకలు మార్చాడంతే. తోకలు మారగానే బొమ్మకు ప్రాణం వచ్చినట్టు ఆ పేజీ లేచి నడిచింది. ఒక అక్క, ఆమె రెండు గంటలు నిలబడ్డ కాళ్లు, ఆమె రాసుకుపోయిన గొంతు, ఒక్క క్రియాప్రత్యయంలో ఇమిడిపోయి కనపడకుండా పోయాయి. నేల తగిలింది నాన్నా, రేవొచ్చింది, అన్నది మరీ మామూలుగా అనిపించింది, తీసేసి, లోతు అందడం లేదు నాన్నా, అని పెట్టాడు. పెట్టాక లేచి గదిలో అటూ ఇటూ తిరిగాడు, ఆనందం పట్టలేక. తండ్రి పోయిన నలభై రోజులకు. ఇక ఇంట్లో అక్క ఉంటే ఆ నేను నిలబడదు, ఆమె ఎక్కడో వంటింట్లో గిన్నె చప్పుడు చేసినా ఆ దృశ్యం పగిలిపోతుంది, అందుకని రాశాడు, ఇంట్లో నేనూ నాన్నా తప్ప ఇంకెవరూ లేరు, బయటి గాలి కూడా లోపలికి రావడానికి మొహమాటపడింది. ఎంత సిగ్గులేని వాక్యం. గాలికి మొహమాటమట.

అక్క చదవదు. అదొక్కటే అతని ధైర్యం. తను రాసినవి ఏవీ అక్క చదవలేదు, పుస్తకం రాగానే ఒకటి పంపిస్తాడు, ఆమె దాన్ని పాత కాన్వాసు ముక్కతో అట్ట వేసి పైన అరలో పెడుతుంది, టార్పాలిన్లు కుట్టే దుకాణానికి వచ్చినవాళ్లకు అట్టలు చూపించి మా తమ్ముడు అంటుంది. మా అక్క చదివేది టేపు మీద అంకెలే, అని ఒక సభలో జోకు వేశాడు, జనం నవ్వారు, తనూ నవ్వాడు. ఆ జోకు వేసినవాడి నాలుక ఇప్పుడు నోట్లో చెప్పులో రాయిలా ఉంది. చదవని మనిషి దగ్గర దొంగిలించడం, కళ్లు లేనివాడి జేబు కొట్టడం కంటే ఏం తక్కువ? పైగా ఒక విచిత్రం జరిగింది. సభల్లో చదివి చదివి, జనం ఏడిస్తే తనూ ఏడ్చి ఏడ్చి, అతనికి ఆ గది నిజంగానే గుర్తుంది. మంచం కాళ్ల దగ్గర నిలబడటం గుర్తుంది, కిటికీలోంచి వచ్చిన వెలుతురు నాన్న ఎడమ చేతి మీద పడటం గుర్తుంది. దీపస్తంభం మెట్లు ఎన్నో మర్చిపోయాడు, ముసలాయన ముఖం మర్చిపోయాడు, చూసినవన్నీ చెరిగిపోయి చూడనిదొక్కటే మిగిలింది. ఇంకొకరి చొక్కా ఎత్తుకొచ్చి వేసుకుంటే ఒంటికి అతుక్కుపోయినట్టు. తిరిగి ఇచ్చేద్దామంటే తన చర్మం కూడా వస్తుందేమో.

అవతలి ఒడ్డు కనిపిస్తోంది, నీళ్ల మీద సన్నటి బూడిద రంగు గీత, దాని మీద బడి ఎర్ర కప్పు. ఇరవై నిమిషాలు. చెప్పాలి, దిగగానే, ఉపోద్ఘాతం లేకుండా. అక్కా, నీ దగ్గర ఒకటి తీసుకున్నాను. తీసుకున్నాను కాదు, దొంగిలించాను. అక్కా, ఆ రోజు నువ్వు ఉన్న చోట నన్ను నేను నిలబెట్టుకున్నాను. ఇది బాగుంది. ఆ రోజు నువ్వు నిలబడ్డ చోట నా నీడను నిలబెట్టాను, ఇది ఇంకా బాగుంది, 'నిలబడ్డ', 'నిలబెట్టాను', చెవికి బాగుంది, అని మనసులో ఎవరో మెచ్చుకున్నారు, ఆ మెచ్చుకున్న గొంతు తనదే. క్షమాపణను దిద్దుతున్నాడు. రెండో ప్రతి రాస్తున్నాడు. రేపు ఇది కూడా రాస్తాడేమో, ఒక తమ్ముడి పశ్చాత్తాపం అని, జనం మళ్లీ ఏడుస్తారు, ఎంత నిజాయితీ అంటారు, దానికీ ఒక పెద్దమనిషి చెయ్యి పట్టుకుంటాడు. ఛీ. ఇంజను చప్పుడు మారింది. గరగర మొదలైంది. ముందు భాగాన కళాసీ గెడ తీసి నీళ్లలో ముంచాడు, "బారన్నర!" అన్న అరుపు వినగానే అతను కళ్లు గట్టిగా మూసుకున్నాడు, "బార! మూడు మూరలు!" అని అరుపులు దగ్గరౌతుంటే, ఈ గొంతులో ఏ వంకరా లేదు, ఏ అందమూ లేదు, నీళ్లు ఎంతుంటే అంత చెబుతోంది, అనుకున్నాడు. ఇంతేనా అసలు పని, ఎంతుంటే అంత చెప్పడం, అందుకు ఇన్ని పుస్తకాలు కావాలా.

అక్క మెట్ల మీదే ఉంది. కిందటిసారి కంటే జుట్టు నెరిసింది, అరచేతికి సూది గుచ్చుకోకుండా కట్టుకునే తోలు పట్టీ విప్పకుండానే వచ్చేసింది. "ఏరా, అంత పాలిపోయావు? నీళ్లు ఇంకా పడటం లేదా నీకు?" అని సంచీ అందుకోబోయింది. అతను సంచీ ఇవ్వలేదు. దిగేవాళ్లు దిగుతున్నారు, అద్దం మనిషి ఒక్కో మెట్టూ తడుముకుంటూ ఎక్కుతున్నాడు, గుమాస్తాలు పక్కనుంచే వెళ్లారు, దిద్దుకున్న వాక్యాలు ఒక్కటీ నోటికి రాలేదు.

"అక్కా, అక్కడ నేను లేను. నువ్వున్నావు. అబద్ధం రాశాను," అన్నాడు.

"తెలుసులేరా. ఉన్నదాన్ని నేనేగా," అంది అక్క. పట్టీ కొసను లాగుతూ మళ్లీ అంది, "నువ్వు ఉన్నట్టు రాసుకున్నావు, సరే. లేకపోతివి కదా, ఉండాలనిపించి రాసుకున్నావనుకున్నా. పిల్ల చదువుతుంటే నాకూ బానే ఉంది కాసేపు. కానీ ఇంట్లో ఇంకెవరూ లేరని ఎందుకు రాశావు? నన్నెందుకు తీసేశావు?"

చెప్పడానికి అతనికి చాలా కారణాలు ఉన్నాయి, దృశ్యం, ఏకాగ్రత, కథనం. "అలా రాస్తే బాగుంటుందని," అన్నాడు. బతుకులో అతను పలికిన మాటల్లో అంత చిన్నది, అంత నిజమైనది, అంత నీచమైనది ఇంకొకటి లేదు.

అక్క నీళ్ల వైపు తిరిగింది. "నీకు ఒకటి చెప్పలేదు ఫోన్లో," అంది. "చెబితే నువ్వు తట్టుకోలేవని. లోతు అడగడానికి ముందు నాన్న ఇంకోటి అడిగాడు. తాడు విప్పబోతున్నట్టు చెయ్యి పెట్టి ఆగి, చిన్నోడు ఎక్కాడా, అన్నాడు. నువ్వు ఎక్కందే కదలనని పట్టుబట్టాడు. ఎక్కాడు నాన్నా, నా పక్కనే ఉన్నాడు, అని చెప్పాను. అప్పుడు గానీ తాడు వదల్లేదు."

అతను సంచీ మెట్టు మీద పెట్టేశాడు. లేని తనను అక్క లాంచీ ఎక్కించింది. ఉన్న అక్కను తను దించేశాడు. కన్నీళ్లు వచ్చాయి, వాటిని చూసి కూడా సిగ్గేసింది, తుడుచుకున్నాడు, ఇంకా వచ్చాయి. అక్క ఓదార్చలేదు. కోప్పడనూ లేదు. పట్టీ విప్పి నడుముకు దోపుకుంది.

బడి వైపు నుంచి మేనకోడలు పరుగున వచ్చింది, రెండు జడలూ ఊడిపోయి, రొప్పుతూ, "మామయ్యా, అందరూ కూర్చున్నారు, టీచర్ తీసుకురమ్మన్నారు," అంటూ వచ్చి ఇద్దరి ముఖాలూ చూసి ఆగిపోయింది. అతను వంగి ఆ పిల్ల ఎత్తుకు ముఖం దించాడు. "నువ్వొకటి అడిగావు కదమ్మా ఫోన్లో. పక్క గది లేదు. అమ్మ తాతయ్య మంచం దగ్గరే ఉంది. లోతు చెప్పింది అమ్మే. ఇంట్లో లేనిది నేను. నేను రాసింది తప్పు. ఇప్పుడు మీ బళ్లో కూడా అదే చెబుతాను."

పిల్ల తల్లి వైపు చూసింది. అక్క చెయ్యి చాచి ఊడిన జడను తన వైపు లాక్కుని గబగబా అల్లడం మొదలుపెట్టింది. జడ అల్లించుకుంటూ పిల్ల కాసేపు ఆలోచించింది. ఆ కళ్లలో కోపం కోసం అతను వెతికాడు, ఉంటే బాగుండునని వెతికాడు, అక్కడ ఉన్నది దిగులు.

"మరి పరీక్షలో ఏం రాయాలి మామయ్యా? వెనక ప్రశ్నల్లో ఉంది, తండ్రికి లోతు చెప్పినది ఎవరు అని. రెండు మార్కులు."

పిల్ల అమ్మ వైపు తిరిగింది. అక్క జడ చివర రిబ్బను ముడి బిగించి, భుజం తట్టి ముందుకు నడిపిస్తూ అంది:

"పుస్తకంలో ఎలా ఉంటే అలా రాయి తల్లీ. లేకపోతే ఊరికే మార్కులు పోతాయి."